ఉన్ని లేని గొర్రెకి ఉన్ని పథకమా? గోదావరి డెల్టా నుంచి రెండు శాఖలకు ఒక లేఖ

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ, చేనేత జౌళి శాఖ అధికారులకు,

నమస్కారం.

రెండు శాఖలకీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. గొర్రె మేస్తున్నంతసేపూ పశుసంవర్ధక శాఖది. దాని ఒంటి మీద కత్తెర పడిందంటే, రాలిన ఉన్ని జౌళి శాఖది. ఢిల్లీలోనూ ఇదే వరస. గొర్రెల్ని చూసే మంత్రిత్వ శాఖ వేరు, ఉన్నిని చూసే మంత్రిత్వ శాఖ వేరు. జీవాలు కాసుకునేవాడు మాత్రం ఒక్కడే. ఉన్ని సంగతి అడిగితే పశువుల డాక్టరు గారు అది మా పని కాదంటారు. జౌళి వైపు వెళ్తే ముందు నీకు మగ్గం ఉందా అని అడుగుతారు. అందుకని ఇద్దరికీ చెప్పాల్సింది అందరూ చూసేలా ఒక్కచోటే రాస్తున్నాను.

మాది ఏలూరు కాలువ పక్కన ఒక పల్లె. ఇంట్లో ముప్పై చిల్లర జీవాలున్నాయి. మా అన్నయ్య, వదిన మందని చూసుకుంటారు. నేను టౌన్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ, అప్లికేషన్లు నింపాల్సి వచ్చినప్పుడు ఊళ్లో వాళ్లకి సాయపడుతుంటాను. ఆ కాగితాల మధ్య ఉన్ని అభివృద్ధి, ఉన్నితో చిన్న గొర్రెల రైతుకి ఆసరా అనే మాటలు ఈమధ్య కనబడుతున్నాయి. మంచిదే. కాకపోతే డెల్టాలో ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ అసలు ముట్టుకోకూడదు అనేది గొర్రెల వెనక నడిచేవాళ్లని అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

మా గొర్రెలకి ఉన్ని ఉండదు. ముందు ఈ మాట ఒప్పుకుందాం. డెల్టాలో మీకు కనబడే మందల్లో ఎక్కువ భాగం నెల్లూరు జాతి, లేదంటే దానితో కలిసినవి. పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి వెంట్రుకలు. తెల్లగా ఉంటే పల్ల, కళ్ల చుట్టూ మూతి దగ్గరా నల్ల మచ్చలుంటే జోడిపి, ఒళ్లంతా ఎర్రగోధుమ రంగైతే దొర. మూడింట్లో దేనికీ కత్తెర పెట్టే పనే లేదు. ఇది మాంసం గొర్రె. మా నేలకి సరిపోయేదీ ఇదే. మే నెలలో ఉక్కకి మనిషి ఒంటి మీద చెమట ఆరదు, జులై వచ్చిందంటే నేల ఆరదు. ఒత్తుగా ఉన్ని ఉన్న జీవం ఈ తడిలో నాలుగు రోజులు నానితే ఒంటి మీదే వాసన మొదలవుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. మా పెద్దలు పొట్టి వెంట్రుక గొర్రెని ఎంచుకున్నది తెలివితక్కువతనంతో కాదు.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7 కోట్ల 42 లక్షలు. అందులో 1 కోటి 76 లక్షలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 1 కోటి 91 లక్షలతో తెలంగాణ మొదటి స్థానం, మనది రెండోది. రాజస్థాన్‌లో ఉన్నవి 79 లక్షలే. అయినా దేశంలో ఏడాదికి వచ్చే సుమారు 3 కోట్ల 36 లక్షల కిలోల ఉన్నిలో దాదాపు సగం రాజస్థాన్‌దే. మందలు మన దగ్గర, ఉన్ని వాళ్ల దగ్గర. ఇది చూసి ఎవరైనా అక్కడి ఉన్ని పొట్టేళ్లని లారీల్లో దింపి మా గొర్రెల మీద వేయిస్తే సరిపోతుంది అనుకుంటే, దయచేసి ఆ పని చేయకండి. ఎడారి గాలికి అలవాటుపడ్డ పొట్టేలు మా బురదలో ఎన్నాళ్లు నిలబడుతుందో ఎవరూ పూచీ పడలేరు. నిలబడినా, పుట్టే పిల్లకి ఉన్నీ సరిగా రాదు, మాంసమూ తగ్గుతుంది. నష్టం సబ్సిడీ ఇచ్చినవారిది కాదు, పిల్లని సంతకి తోలుకెళ్లేవాడిది.

అలాగైతే ఉన్ని గురించి ఈ డెల్టా నుంచి ఉత్తరం ఎందుకు అంటారా? రెండు కారణాలు. ఒకటి, వేసవిలో బయట నుంచి మా చేలల్లోకి దిగే, ఉన్ని ఉండే నల్ల దక్కనీ గొర్రెల మందలు. రెండోది, ఏలూరులో ఇంకా ఆగిపోని తివాచీ మగ్గాలు.

ఏలూరు గురించి ఒక్క నాలుగు మాటలు. కృష్ణ నీళ్లు ఒక కాలువలో, గోదావరి నీళ్లు ఇంకో కాలువలో వచ్చి కలిసే ఊరు అది. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు మొగలుల కాలంలో అక్కడ స్థిరపడి ఈ పని నేర్పారని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలు పెట్టారు. ఇప్పటికీ అదే నిలువు మగ్గం, నూలు పడుగు, దాని మీద ఒక్కొక్కటిగా వేసే ఉన్ని ముడి, వరస పూర్తయ్యాక కత్తెరతో సమం చేయడం. ముడి వేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కూలి ఎంతొస్తుందో వాళ్లనే అడగండి, నేను చెబితే అతిశయోక్తి అనుకుంటారు. ఆ ముడిలో పడే ఉన్ని మాత్రం బికనీర్ వైపు నుంచి వస్తుంది.

కోటీ డెబ్భై ఆరు లక్షల గొర్రెలున్న రాష్ట్రం తివాచీకి ఉన్ని రాజస్థాన్ నుంచి తెచ్చుకుంటోందా అని ఆవేశపడేవాళ్లున్నారు. నాకు ఆవేశం రాదు, ఎందుకంటే దీనికి సరైన కారణమే ఉంది. ఏలూరు తివాచీకి కావాల్సింది తెల్ల ఉన్ని. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఎక్కించాలంటే అడుగున తెలుపుండాలి. పైగా పోగుకి జిగి ఉండాలి, కాలి కింద నలిగాక మళ్లీ లేవాలి. చోక్లా, మగ్రా లాంటి రాజస్థాన్ గొర్రెల ఉన్నికి ఆ గుణం ఉంది. మన దక్కనీ నల్ల గొర్రె ఉన్ని ముతక. చాలా పోగులు లోపల బోలుగా, వెంట్రుకలా పెళుసుగా ఉంటాయి. నలుపు మీద ఏ రంగూ ఎక్కదు. ఇది తెలియకుండా స్థానిక ఉన్నితో ఏలూరు తివాచీ అని ఎవరైనా బోర్డు పెడితే, ఆరు నెలల్లో ఆ బోర్డు కింద తాళం ఉంటుంది.

అయినా ఆ నల్ల ఉన్ని పనికిరానిదేం కాదు. దానితో తరతరాలుగా గొంగళి నేశారు. వడికిన దారానికి చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేసి, వానలో కప్పుకుంటే చుక్క లోపలికి దిగనంత బిగువుగా చేసేవాళ్లు. కాపరికి అదే గొడుగు, అదే పరుపు, అదే దుప్పటి. పిల్ల మొదటి కత్తిరింపులో వచ్చే ఉన్ని మెత్తగా, నిగనిగలాడే నలుపుతో ఉంటుంది. తర్వాత కత్తిరింపుల్లో ఎండకి మాడి గోధుమ రంగు, వయసుకి బూడిద రంగు తిరుగుతుంది. రంగు వేయకుండానే నలుపు, గోధుమ, బూడిద, మూడు రంగులు చేతిలో ఉన్నట్టే. తెల్ల ఉన్నితో నేసే తివాచీకి అంచులో, బొమ్మ చుట్టూ గీతలో ఈ నలుపు వాడి చూడొచ్చు. పూర్తిగా ఈ ఉన్నితోనే గుమ్మం ముందు వేసే పట్టాలు, బరకాలు, కుర్చీ మీద పరుచుకునేవి నేయించొచ్చు. కర్ణాటక, మహారాష్ట్ర, తెలంగాణల్లో దక్కనీ ఉన్నితో సంచులు, చాపలు, చివరికి బూట్లు కూడా చేసి అమ్ముతున్నవాళ్లు ఉన్నారు. ఏలూరు చేతివాటానికి ఇది పెద్ద పని కాదు. డిజైన్ చేసేవాళ్లని ఓ సీజన్ పాటు అక్కడ కూర్చోబెట్టడం జౌళి శాఖ చేతిలో పని.

హాస్టల్ పిల్లలకి ఈ నల్ల ఉన్ని దుప్పట్లు ఇద్దాం అనే సలహా కూడా ఒకటి వినబడుతుంటుంది. వద్దనే అంటాను. మారేడుమిల్లి, చింతూరు వైపు చలికి మంచి దుప్పటి కావాల్సిందే, కానీ ఈ ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుంది. ఉచితంగా వచ్చిందని పిల్లలు కప్పుకోరు, మూలన పడేస్తారు. అదే హాస్టల్లో నేల మీద పరుచుకునే పట్టాగా ఇస్తే ఏళ్ల తరబడి మన్నుతుంది.

ఇక మందల సంగతి. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలవగానే మెట్ట నుంచి, తెలంగాణ వైపు నుంచి మందలు మా చేలల్లోకి దిగుతాయి. వడ్లు ఇంటికి చేరాక ఖాళీ అయిన మడుల్లో రాత్రిపూట మంద కట్టిస్తారు రైతులు. మలం, మూత్రం నేలకి ఎరువు, అందుకు కాపరికి కొంత డబ్బో ధాన్యమో ముడుతుంది. తొలకరి పడి సార్వా నాట్లకి కాలువలు వదిలేసరికి మందలు మళ్లీ పైకి వెళ్లిపోతాయి. ఆ మందల్లో ఇదివరకు నల్లగా కనబడేది. ఇప్పుడు ఎరుపూ తెలుపూ ఎక్కువ, మధ్యలో అక్కడక్కడ నల్లవి. మటన్ ధర పెరిగిన కొద్దీ నల్ల గొర్రెల మీద నెల్లూరు పొట్టేళ్లని కలపడం పెరిగింది. మిల్లు దుప్పటి చవకగా దొరికాక గొంగళి కొనేవాళ్లు తగ్గారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచినప్పుడు వేరే రాష్ట్రాల నుంచి, మన రాష్ట్రం నుంచి కూడా లక్షల్లో జీవాలు అక్కడికి వెళ్లాయి. వెళ్లినవాటిలో మాంసం గొర్రెలే ఎక్కువ. గొర్రెలు పెరిగాయి, నల్ల ఉన్ని ఇంకా పలచబడింది.

మిగిలిన ఆ కొద్ది ఉన్ని ఏమవుతోందో మీకు తెలుసా? ఏడాదికి రెండు కత్తిరింపులు కలిపినా ఒక్కో గొర్రెకి కిలో లోపే వస్తుంది. కత్తిరించేవాడికి ఇచ్చే కూలి, ఆ ఉన్ని అమ్మితే వచ్చే డబ్బు కంటే ఎక్కువ. కత్తిరించకపోతే వేసవిలో జీవం తట్టుకోదు, గోమార్లు, పేలు పడతాయి. అందుకని సొంత డబ్బు పెట్టి కత్తిరించి, ఆ ఉన్నిని మంద ఆగినచోటే గట్టు మీద వదిలేసి పోతున్నారు. పక్కనే ఏలూరు. ఆ ఊరికి బికనీర్ నుంచి ఉన్ని లారీ వస్తుంది. ఉన్ని అభివృద్ధి అనే మాట ఎన్నేళ్లుగా వింటున్నా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందంటే, ఈ రెండు చోట్ల మధ్య కొనే మనిషి లేకపోవడమే కారణం.

కాబట్టి మా మొదటి విన్నపం ఒక కొనుగోలు కేంద్రం. ఏలూరులో ఒకటి, మందలు ఎక్కువగా దిగే చోట్ల వేసవిలో తాత్కాలికంగా మరో రెండు మూడు. కొనే పద్ధతి మాత్రం ఆలోచించి పెట్టండి. అంతా ఒకే గోనెలో కుక్కి ఒకే రేటు కడితే ఎవరూ జాగ్రత్తపడరు. పిల్ల ఉన్ని వేరు, పెద్ద గొర్రె వీపు, పక్కల ఉన్ని వేరు, పొట్ట కిందదీ తోక దగ్గరదీ పేడంటినది వేరు. మూడు గోనెలు, మూడు రేట్లు. బురద నేల మీద కాకుండా టార్పాలిన్ మీద కత్తిరిస్తే సగం మట్టి అక్కడే తగ్గిపోతుంది. మంద గుర్తు కోసం వీపు మీద పెయింటో తారో పూస్తారు. అది ఎన్నిసార్లు ఉడికించినా ఉన్నిలోంచి పోదు. కడిగితే పోయే రంగు కర్రలు దొరుకుతాయి, అవి చవకగా ఇప్పించండి. బ్యాటరీతో నడిచే కత్తిరింపు మిషన్లు సంఘానికి ఒకటి రెండు ఇచ్చి, కుర్రాళ్లకి నేర్పిస్తే అదే వాళ్లకో పని అవుతుంది. చేతి కత్తెరతో చర్మం తెగి పుండ్లు పడడం కూడా తగ్గుతుంది.

ఉన్ని కడగడం, దువ్వడం కోసం ఉమ్మడి యంత్రాలు పెట్టడానికి కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖకి పథకముంది. జోధ్‌పూర్‌లోని కేంద్ర ఉన్ని అభివృద్ధి బోర్డు దాన్ని నడుపుతుంది. సమగ్ర ఉన్ని అభివృద్ధి కార్యక్రమం పేరుతో 2021–22 నుంచి 2025–26 వరకు కేటాయించింది 126 కోట్లు. దేశం మొత్తానికి, అయిదేళ్లకి. చిన్న మొత్తమే, కాబట్టి గట్టిగా అడిగినవాళ్లకే అందుతుంది. ఏలూరు కోసం ఇప్పటిదాకా మనవైపు నుంచి ఏం అడిగారో, ఇకపై ఏం అడగబోతున్నారో బయటపెట్టండి. ఒక్క జాగ్రత్త. ఉన్ని కడిగిన నీళ్లలో జిడ్డు, మట్టి విపరీతంగా ఉంటాయి. ఆ నీళ్లు తమ్మిలేరు మీదుగా కొల్లేరులో కలిసేలా కట్టారంటే నాకు ఈ ఉత్తరం రాసినందుకు బాధపడాల్సి వస్తుంది. ఆ జిడ్డు తీసి శుద్ధి చేస్తే లానోలిన్ అవుతుంది, క్రీముల్లో వాడతారు. మనకి వచ్చే కొద్ది ఉన్నితో అది లాభసాటి కాకపోయినా, జిడ్డు విడదీసే తొట్టి మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

మూడో గోనెలో మిగిలే చెత్త ఉన్ని మాటేమిటి? దీనికి డెల్టాలోనే ఒక కొనుగోలుదారు ఉన్నాడని నా ఆలోచన. కడియం నర్సరీలు. ఉన్ని అంటే ప్రోటీన్. శుభ్రమైన పొడి ఉన్ని బరువులో పదిహేను పదహారు శాతం దాకా నత్రజని ఉంటుంది. మట్టిలో పడ్డాక నెలల తరబడి మెల్లగా కుళ్లుతూ దాన్ని వదులుతుంది, ఈలోపు తడినీ పట్టి ఉంచుతుంది. కోనసీమ కొబ్బరి పొట్టుని నర్సరీలు ఎలాగూ వాడుతున్నాయి, దాంతో కలిపి కుండీ మొక్కలకి వేసి చూస్తే ఫలితమేంటో తేలుతుంది. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. ఒక ఏడాది ప్రయోగానికి వాళ్లకి పెద్ద ఖర్చు కాదు. చచ్చిన జీవాల ఉన్ని మాత్రం ఇందులోకి రానివ్వకూడదు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) క్రిములు ఉన్నిలో, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మనుషులకీ సోకుతాయి. గోనె మీద మంద ఎవరిదో రాసి ఉండాలనేది అందుకే.

ఇక్కడిదాకా ఉన్ని. ఇప్పుడు గొర్రె. అది బతికితేనే కదా మిగతావన్నీ.

డెల్టాలో గొర్రె మేసే చోటు తగ్గిపోతోంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఎటు చూసినా చెరువులే. రొయ్యల మీద, చేపల మీద వచ్చే డబ్బుకి ఎవరూ అడ్డు చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ ఆ చెరువుల గట్లకి వలలు కట్టేశాక, పశువులు నడిచే పుంతలు కూడా సగం చెరువుల్లో కలిసిపోయాక, మంద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే తారు రోడ్డే దారి. రోడ్డు మీద లారీ గుద్దితే కేసు లేదు, పరిహారం లేదు. వరి చేలు ఉన్నచోట కూడా కోత అవగానే మినుము, పెసర చల్లితే మందకి చోటు లేదు. అది రైతు హక్కు, కాదనలేం. మిగిలింది కాలువ గట్లు, ఏటిగట్టు, డ్రెయిన్ పక్క పోరంబోకు. అక్కడ కలుపు మందు కొట్టిన సంగతి తెలియక మేపి జీవాలు పోగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. పుంతల్ని సర్వే చేసి రాళ్లు పాతించండి. గట్టు మీద మందు కొడితే రెండు రోజుల ముందు ఊళ్లో దండోరా వేయించండి. ఇవి పశుసంవర్ధక శాఖ ఒక్కదాని చేతిలో లేవని తెలుసు, కలెక్టర్ గారి దగ్గర మా తరఫున మాట్లాడాల్సింది మాత్రం మీరే.

నీళ్ల టెన్షన్ వేరే ఉంది. గోదావరి డెల్టాలో నీళ్లకి కరువా అని నవ్వకండి. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు. మందలు దిగేది సరిగ్గా అప్పుడే. ఊరి చెరువులో పశువుల్ని దింపనివ్వరు, ఎందుకంటే అది తాగే నీరు. డ్రెయిన్‌లో మిగిలే నీళ్లు సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పన, చెరువుల నీళ్లు వదిలితే మురుగు. పోయిన వేసవిలో మా అన్నయ్య మందని రెండు మైళ్లు నడిపించి ఒక బోరు దగ్గర నీళ్లు పెట్టించాడు. పంచాయతీల్లో పాడుబడ్డ నీటి తొట్లు చాలా ఉన్నాయి, వాటిని ఆ రెండు నెలలు నింపితే చాలు.

రోగాల్లో మా డెల్టాకి ప్రత్యేకమైంది కార్జపు జలగ, అంటే కాలేయంలో చేరే పురుగు. బోదెల్లో, మురుగు కాలువల్లో ఉండే నత్తల నుంచి వస్తుంది. దవడ కింద నీరు దిగేసరికే ఆలస్యం అయిపోయినట్టు. నట్టల మందు అని అందరికీ ఒకే మందు పోసి వెళ్తున్నారు, దానితో పొట్టలో పురుగులు పోతాయి గానీ చాలాసార్లు జలగ పోదు. జలగకి పనిచేసే మందు వేరేగా, వానలు తగ్గాక ఒకసారి, వేసవి ముందు ఒకసారి ఇప్పించండి. ఉన్ని మందలకి ఇది ఇంకా ముఖ్యం. జబ్బు పడి లేచిన గొర్రెకి ఆ జబ్బు రోజుల్లో పెరిగిన పోగు సన్నబడి, దువ్వెన తగలగానే అక్కడే తెగుతుంది. నీలి నాలుక, పారుడు రోగం, చిటుకు రోగం టీకాలు ఊరికి వచ్చే తేదీలు వలస మందలకి ఎప్పటికీ కలవవు. అవి దిగే నెలల్లో దిగే చోటే టీకా వేయాలి. అక్టోబరు 2024లో మొదలైన 21వ పశుగణనలో సంచార పశుపాలకుల్ని మొదటిసారి విడిగా లెక్కపెట్టారు. ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఏ మందలు ఎక్కడికి వస్తున్నాయో తెలియలేదనే మాట ఇక చెల్లదు.

వరదల గురించి వివరంగా రాయక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక ఊళ్ల జనం, పశువులు ఏటిగట్టు మీదే ఉన్నాయి. మనుషులకి భోజనం పొట్లాలు వచ్చాయి. గొర్రెలకి గడ్డి ఎవరు తెస్తారనేది ముందే రాసి పెట్టుకోండి.

డబ్బు సంగతికొస్తే, జాతీయ పశుసంపద మిషన్ కింద గొర్రెల యూనిట్‌కి 50 శాతం సబ్సిడీ ఇస్తున్నారు. కనీస యూనిట్ 100 గొర్రెలు, 5 పొట్టేళ్లు. ముప్పై జీవాలున్నవాడు చిన్న రైతా, వంద జీవాలు కొనగలిగినవాడు చిన్న రైతా? షెడ్డు వేయడానికి భూమి చూపించాలి, సబ్సిడీ పోను మిగిలింది బ్యాంకు ఇవ్వాలి లేదా సొంతంగా పెట్టుకోవాలి. మా బంధువు ఒకాయన ఒక బ్యాంకులో మూడు పంటకాలాలు తిరిగి, కాగితాలు కట్టకట్టి అటక మీద పెట్టుకున్నాడు. నలుగురు అయిదుగురు చిన్నకాపులు కలిసి, సొసైటీ పేరు మీద ఒక యూనిట్‌గా పెట్టుకునే వీలు పథకంలోనే ఉంది, అది మా ఊళ్లలో అమలయ్యేలా చూడండి. గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు, వాటి మీద రాష్ట్ర సమాఖ్య ఎలాగూ ఉన్నాయి. చాలా ఊళ్లలో సంఘం అంటే ఒక రబ్బరు స్టాంపు, ఒక అధ్యక్షుడు. ఉన్ని కొనే పని వాటికి అప్పగిస్తే కనీసం ఏడాదికోసారి కాటా ముందు అందరూ కలుస్తారు.

బీమాలో 2024 నుంచి రైతు వాటా ప్రీమియంలో 15 శాతానికి తగ్గించారు. ఇది నిజంగా మంచి పని, ఒప్పుకోవాలి. చిక్కల్లా జీవం చచ్చిపోయాక. మంద సొంతూరికి వంద మైళ్ల దూరంలో ఉన్నప్పుడు చస్తే, అక్కడి డాక్టరు మా పరిధి కాదంటారు, సొంతూరి డాక్టరు నేను చూడలేదు కదా అంటారు. చెవి పోగు నంబరు చూసి ఏ ఊరి డాక్టరైనా సర్టిఫికెట్ ఇవ్వొచ్చని ఒక జీవో ఇస్తే సరిపోతుంది.

నల్ల పొట్టేళ్ల గురించి చివరిగా. ఉన్నికి రేటు వస్తే కాపరి తనంతట తనే నల్ల పొట్టేలుని మందలో ఉంచుకుంటాడు. ఉపన్యాసాలు అక్కర్లేదు. రేటు స్థిరపడేదాకా మాత్రం, మేలైన దక్కనీ పొట్టేలుని అమ్మకుండా మందలో ఉంచినవాళ్లకి ఏడాదికింత అని ప్రోత్సాహకం ఇవ్వండి. మాంసం మార్కెట్‌తో పోటీపడి ఆ పొట్టేలు కసాయి దగ్గరికి పోకుండా ఆగాలంటే వేరే దారి నాకు కనిపించడం లేదు. ఇది డెల్టా బయట, మెట్టలోనూ రాయలసీమలోనూ చేయాల్సిన పని. మా నెల్లూరు గొర్రెల్ని మాత్రం ఉన్న రంగులో, ఉన్న వెంట్రుకతో అలాగే వదిలేయండి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని తెలుసు. వచ్చే దాళ్వా కోతలకి చేయగలిగింది ఒకటుంది. ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరిదాకా ఏలూరు, తాడేపల్లిగూడెం దగ్గర ఒక్కో కాటా పెట్టండి. పది టార్పాలిన్లు, మూడు రకాల గోనెలు, పశుసంవర్ధక శాఖ నుంచి ఒక మనిషి, జౌళి శాఖ నుంచి ఒక మనిషి. ఎంత వస్తే అంత కొని, ఏ రకం ఎంత వచ్చిందో జూన్‌లో పేపర్లో వేయించండి. మందలు ఏ రోజు ఏ ఊళ్లో దిగుతున్నాయో మా ఊరి కుర్రాళ్లు ఫోన్ చేసి చెబుతూ ఉంటారు, అందుకు డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఏలూరు కాలువ పక్క ఊరి నుంచి,
జీవాలు కాసుకునే ఇంటి మనిషి